రాని చుట్టానికి చాప

కొండల నడుమ కానుగుల కోన అనే అడవి ఉండేది. అందులో ఏనుగులు, జింకలు, చెవులపిల్లులు, కొంగలు, అడవిపందులు కలిసిమెలిసి బతికేవి. కోన మధ్యలోంచి నెమలేరు పారేది. ఏటి ఒడ్డున ఒక బొరియలో మడుగవ్వ ఉండేది. మడుగవ్వ ఒక ముసలి నీటికుక్క. చేపలు పట్టడంలో దాన్ని మించినవారు లేరు. కబుర్లు చెప్పడంలోనూ అంతే.

నెమలేటి పక్కన ఒక పాత పాయ ఉండేది. ఎండాకాలంలో అది ఎండిపోయి ఉత్త పల్లంలా కనిపించేది. వానాకాలంలో ఏరు నిండితే, ఎక్కువైన నీళ్ళు ఆ పాయలోకి మళ్ళి, దిగువనున్న పెద్ద చిత్తడి నేలకు చేరేవి. అందుకే ఏరు ఎంత పొంగినా కోన మునిగేది కాదు.

మరి పాయలో ఏటా మట్టి మేట వేస్తుంది కదా! తీయకపోతే పూడిపోతుంది. అందుకని కోనలో ఒక ఆచారం పెట్టుకున్నారు. వేసవిలో ఏట్లో నీళ్ళు తాగిన ప్రతి జంతువూ, వెళ్ళేటప్పుడు పాయలోంచి నోటెడు మట్టి తీసి మిట్ట మీద వేయాలి. ఏనుగు తొండంతో తీసేది. కొంగ ముక్కుతో తీసేది. చీమ కూడా ఒక ఇసుక రేణువు మోసుకుపోయేది. దాన్ని అందరూ ‘నోటిమట్టి’ అనేవారు.

ఒక ఏడు దంతప్ప అనే అడవిపందిని కోనకు పెద్దగా ఎన్నుకున్నారు. దంతప్ప బలమైనవాడు, మాటకారి. కానీ తనకు తెలియనిది లేదని కాస్త గర్వం.

"మూడేళ్ళుగా ఏరు ఒడ్డు దాటలేదు," అన్నాడు దంతప్ప. "ఇంకా ఈ నోటిమట్టి ఎందుకు? రాని చుట్టానికి ఎవరైనా చాప వేసి కూర్చుంటారా? ఇవాళ్టి నుంచి ఎవరూ మట్టి తీయక్కర్లేదు!"

పని తప్పిందంటే ఎవరికి చేదు? జంతువులన్నీ సంబరపడ్డాయి. "హమ్మయ్య, ఇక నా ముక్కుకు బురద వాసన వదులుతుంది!" అని కొంగ రెక్కలు కొట్టింది.

దంతప్ప అంతటితో ఆగలేదు. ఒడ్డు పొడుగునా దట్టంగా పెరిగిన తుంగనూ వట్టివేళ్ళ గడ్డినీ కుళ్ళగించి, గడ్డలన్నీ తినేశాడు. తర్వాత పాయ మొదట్లో మట్టికట్ట వేసి మూసేశాడు. లోపలి నేల మెత్తగా ఉందని అక్కడే ఇల్లు కట్టుకుని, చుట్టూ చేమదుంపలు నాటాడు. తన ఆరుగురు పిల్లలనూ ఆ ఇంట్లోనే పెట్టాడు.

మడుగవ్వ ఎండిన మారేడుకాయ చిప్ప ఒకటి పట్టుకుని దంతప్ప దగ్గరికి వెళ్ళింది.

"ఇలా చూడు నాయనా. ఇది మన ఏరు అనుకో," అంటూ చిప్ప నిండా నీళ్ళు పట్టింది. "నీళ్ళన్నీ పట్టాయి కదా?"

"పట్టాయి."

మడుగవ్వ ఆ నీళ్ళను ఒక ఆకుదొన్నెలోకి వంచింది. చిప్పలో రెండు గుప్పిళ్ళ మట్టి వేసింది. మళ్ళీ ఆ నీళ్ళే పోసింది. సగం పోసేసరికి నీళ్ళు పొర్లి దంతప్ప కాళ్ళ మీద పడ్డాయి.

"చిప్ప అదే, నీళ్ళూ అవే. మరి ఎందుకు పొర్లాయి? గడ్డి వేళ్ళు ఒడ్డును పట్టి ఉంచేవి. నువ్వు పీకేశావు. ఇక వాన పడినప్పుడల్లా ఒడ్డు కరిగి ఏట్లో పడుతుంది. ఏటి కడుపు పూడుతుంది. పొర్లిన నీళ్ళు పోయే పాయనూ మూసేశావు. అవి ఎక్కడికి పోవాలి?"

దంతప్ప పకపకా నవ్వాడు. "ఏరు చిప్పంత ఉంటుందా అవ్వా? నీకు వయసైంది. చేపలో ముల్లు చూసుకుని తిను, గొంతులో పడేను!"

మడుగవ్వ కోపం తెచ్చుకోలేదు. పాయ దిగువ చివరికి వెళ్ళి రోజూ తన నోటెడు మట్టి తీస్తూనే ఉంది. చెవులపిల్లికి మాత్రం అవ్వ మాట చెవికెక్కింది. చెవులు పెద్దవి కదా! అదీ వచ్చి అవ్వతో కలిసింది.

ఆషాఢం వచ్చింది. నాలుగు జల్లులకే గడ్డి లేని ఒడ్డు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి ఏట్లో పడింది.

ఒక ఉదయం కోనలో చక్కటి ఎండ కాస్తోంది. మడుగవ్వ ఏటిలోకి చూసి ఉలిక్కిపడింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నాయి. చీమలు గుడ్లు మోసుకుని మిట్టకు పోతున్నాయి.

"ఏరు వస్తోంది! అందరూ మిట్ట ఎక్కండి!" అని కేక పెట్టింది.

"ఎండలో వరదేమిటి అవ్వా? చుక్క వాన లేదు!" అన్నాడు దంతప్ప.

"ఏరు ఇక్కడ పుట్టిందా నాయనా? పై కొండల్లో పుట్టింది. అక్కడి వాన ఇక్కడికి నడిచి వస్తుంది. నువ్వు రాడన్న చుట్టమే వస్తున్నాడు. చాప ఏదీ?"

మాట ముగియకముందే హోరు వినిపించింది. పూడిన ఏట్లో చోటు చాలక, నీళ్ళు పక్కలకు పొర్లాయి. జింకల మేత బయలు మునిగింది. చెవులపిల్లి బొరియ మునిగింది. దంతప్ప వేసిన కట్ట అంచుదాకా నీళ్ళు లేచాయి. కట్ట వెనక పల్లంలో పిల్లలు నిద్రపోతున్నారు.

దంతప్ప మడుగవ్వ దగ్గరికి పరుగెత్తాడు. "అవ్వా, నా పిల్లలు!"

"ముందు పిల్లలు, తర్వాత కట్ట. పద!"

చెవులపిల్లి అందరికంటే ముందు పల్లంలోకి దూకి, కాళ్ళతో దబదబా నేలను బాదింది. ఐదుగురు లేచి మిట్ట మీదికి పరుగెత్తారు. ఆఖరివాడు బుడ్డోడు మాత్రం ఒక చేమదుంపను కావలించుకుని, "నా దుంప! నేను రాను!" అని మొండికేశాడు. మడుగవ్వ వాడి చెవి పట్టుకుని, దుంపతో సహా మిట్టకు ఈడ్చుకొచ్చింది.

"ఇక కట్ట తీసెయ్యి," అంది మడుగవ్వ.

దంతప్ప తన ఇంటివైపు, ఏపుగా పెరిగిన తోటవైపు చూశాడు. "అన్నీ పోతాయి అవ్వా..."

"నువ్వు తీస్తే నీ ఇల్లు ఒక్కటే పోతుంది. తీయకపోతే ముందు కోన మునుగుతుంది. తర్వాత ఏరే కట్టను తెంపుకుంటుంది. ఎలాగూ పోయే ఇల్లే నాయనా!"

దంతప్ప పక్కకు చూశాడు. తన పిల్లలను లేపిన చెవులపిల్లి, ఇల్లు పోయి, తడిసిన చెవులు వేలాడేసుకుని నిలబడి ఉంది. అంతే, దంతప్ప ముందుకు దూకాడు. వెళ్ళి కట్టలో కోరలు దింపాడు. కొట్టుకుపోకుండా ఏనుగు అతని వెనకకాలిని తొండంతో పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు కుమ్ములు! కట్ట తెగింది. ఏనుగు దంతప్పను ఒక్క లాగున మిట్ట మీదికి లాగేసింది.

ఇల్లు పోయింది. తోట పోయింది. దంతప్ప కోర ఒకటి విరిగింది. కానీ దిగువ చివర పూడిపోకుండా అవ్వా చెవులపిల్లీ కాపాడారు కదా, నీళ్ళన్నీ పాయ వెంట చిత్తడి నేలకు పోయాయి. మధ్యాహ్నానికి బయలు తేలింది.

అందరూ మడుగవ్వను కోనకు పెద్దను చేశారు. "దంతప్పకు ఏం శిక్ష వేద్దాం?" అని అడిగారు.

"శిక్ష ఎందుకు? అందరితో పాటు నోటిమట్టి తీస్తే చాలు."

"మామ నోరు పెద్దది అవ్వా! రోజుకు రెండు నోళ్ళు తీయాలి!" అంది కొంగ. అందరికంటే ముందు దంతప్పే ఫక్కున నవ్వాడు. ఆ రోజే చెవులపిల్లికి మిట్ట మీద కొత్త బొరియ తవ్వి ఇచ్చాడు. ఒడ్డంతా మళ్ళీ వట్టివేళ్ళ గడ్డి నాటాడు. ఇల్లు మాత్రం ఈసారి కొండవాలున కట్టుకున్నాడు.

మరుసటి వేసవిలో దంతప్ప మారేడుకాయ చిప్ప ముందు పెట్టుకుని పిల్లలను కూర్చోబెట్టాడు. "ఇది మన ఏరు అనుకోండి..."

నీళ్ళు పొర్లి బుడ్డోడి కాళ్ళ మీద పడ్డాయి. వాడు ఎగిరి గంతేసి, "ఈ ఏడు వరద వస్తుందా నాన్నా?" అని అడిగాడు.

"ఏమోరా," అని లేచాడు దంతప్ప. "వస్తుందో రాదో మనకెందుకు? పదండి, చాప వేసి వద్దాం."

తండ్రి వెంట ఆరుగురూ వరుసగా నోళ్ళు తెరుచుకుని పాయవైపు నడిచారు.

నీతి: వరద రాని రోజుల్లోనే వరద దారిని బాగు చేసుకోవాలి, నీటి దారిలో ఇల్లు కట్టుకున్నవాడు ఆ ఇంటిని నీటికే ఇచ్చుకోవాలి.