రెండు గొలుసులు

ఆచార్య కామేశ్వరి పది ప్రశ్నలకు ఒక్క మాటతో జవాబు చెప్పే మనిషి. ఆవిడ దగ్గర నాలుగేళ్లుగా కందెన నూనెల మీద పరిశోధన చేస్తున్న రెహానాకు అదొక్కటే లోటుగా ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"మిగతావాళ్లు శిష్యులకు గంటలకొద్దీ చెబుతారు. ఇంత తెలిసీ మీరు మాకింత తక్కువ చెబుతారెందుకు మేడమ్?"

కామేశ్వరి నొచ్చుకోలేదు. రేపు టైల్స్ ఫ్యాక్టరీకి తానూ వస్తానని మాత్రం అంది.

ఆ ఫ్యాక్టరీలో పచ్చి పలకలను వేడి గదుల గుండా మోసుకెళ్లే ఇనుప గొలుసులు రెండున్నాయి. ఆ వేడికి మామూలు నూనె పలచబడిపోయి, ఇనుమును ఇనుము ఒరుసుకుని గొలుసులు తరచు తెగేవి. వెంట్రుక మందంలో వెయ్యోవంతైనా లేని రేణువులను నూనెలో కలిపితే, అవి ఇనుముకూ ఇనుముకూ నడుమ చేరి రాపిడిని తగ్గిస్తాయని రెహానా నమ్మకం. ఆ నూనెను అక్కడ పరీక్షించి చూడ్డానికి యజమాని ఒక్క నెలే గడువిచ్చాడు. ఆలోగా ఫలితం తేలకపోతే నాలుగేళ్ల శ్రమకు రుజువుండదు. ఆ భయంతోనే ఆమె కామేశ్వరి చెప్పిన మోతాదుకు నాలుగింతలు ఆ రేణువుల పొడి కలిపింది. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. ఒకటో గొలుసుకు రోజూ డబ్బా బాగా కుదిపి తానే నూనె పోసేది. అదే నూనె ఇంకో డబ్బాలో ఇచ్చి, రెండోదాన్ని అక్కడ గొలుసులు చూసుకునే అసిరయ్యకు అప్పగించింది.

వాళ్లు వెళ్లేసరికి ఒకటో గొలుసు కీచుమంటోంది. ఆ ఉదయమే మొదలైందట. ఆపి చూస్తే లింకుల నిండా గీతలు. రెహానా ముఖం పాలిపోయింది. రెండోది మాత్రం చప్పుడు లేకుండా సాగిపోతోంది. దాన్నీ ఆపించి చూశారు. ఎక్కడా గీత లేదు. నూనె అదే, వేడి అదే. ఏం చేశావని రెహానా అడిగితే అసిరయ్య తప్పు చేసినవాడిలా తల గోక్కున్నాడు.

"డబ్బా కదపనేదమ్మా. పైన తేరిన నూనే పోసినాను. అడుగున మడ్డిలాగుంటే, అది గొలుసుకెక్కదని ఉంచీసినాను."

రెహానాకు అంతా అర్థమైంది. ఎక్కువైన పొడి ఉండలు కట్టి, తాను పోసిన గొలుసును ఇసుకలా గీకేసింది. తేటలో మిగిలిన కాసిని రేణువులే రెండోదాన్ని కాపాడాయి. తన నూనె పనిచేస్తుంది! నాలుగింతల సంగతి అక్కడికక్కడే చెప్పేసింది. చెప్పాక గుండె తేలికై, నవ్వొచ్చింది. కామేశ్వరీ నవ్వి, ముగ్గురికీ టీ తెప్పించింది.

టీ తాగాక రెహానా అసిరయ్య డబ్బా తీసి, అడుగున ఉన్నది పారబోయబోయింది. కామేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని, నిన్నటి ప్రశ్నకు జవాబు చెప్పింది.

"ఇదీ మంచి పొడేనమ్మా. గొలుసుకు పట్టినంతే ఆయన పోశాడు."