ఎదురొడ్డమ్మ కౌగిలి

పెదనేరేడువలస దాటి జీడితోటల గుండా నడిచివచ్చే భక్తులకు మొదట వాగు చప్పుడు వినిపిస్తుంది. ఊరు ఈ గట్టున, కోవెల ఆ గట్టున ఉన్నాయి. ఊరికి ఎదురుగా ఉన్న ఒడ్డున వెలసినందున ఈ తల్లికి ఎదురొడ్డమ్మ అని పేరు వచ్చింది.

పూర్వం ఈ సీమలో దగ్గుతో కూడిన విషజ్వరం వ్యాపించింది. సంతకు వెళ్లివచ్చిన దాలయ్య అనే గొర్రెల కాపరి మొదట మంచం పట్టాడు. అతని భార్య పారమ్మ చిన్నారి కూతురు గున్నమ్మను తన తల్లికి అప్పగించి, భర్తను వాగు అవతలి తాటాకుల పాకకు చేర్చి, తానూ అక్కడే ఉండిపోయింది. ఊళ్లో ఇంకా కొందరు పడకేయగా వారికీ ఆమే అక్కడ సేవ చేసింది.

అమ్మవారు కోపించిందని తలచి ఊరివారు జాతరకు సిద్ధమయ్యారు. అమ్మవారు పారమ్మకు కలలో కనిపించి తన కోసం ఎవరూ గుమిగూడవద్దని ఆనతిచ్చింది. తెల్లవారగానే పారమ్మ అవతలి గట్టున నిలబడి ఊరి పెద్ద లచ్చుమునాయుడిని కేకవేసింది.

"జాతర ఆపండి బాబూ! ఎవరింట్లో వాళ్లు దీపం పెట్టుకుంటే సాలని అమ్మ సెప్పింది. మూతికి గుడ్డ కట్టుకోండి. కుంకుడు నురగతో సేతులు కడగనిదే ముద్ద ముట్టకండి."

"అమ్మకి కోపమొస్తేనో?" అన్నాడు నాయుడు.

"వొస్తే నా మీదికే రానీండి."

నాయుడు డప్పులు ఆపించాడు. నాటి నుండి పాకకు కావలసిన గంజిని ఊరివారు వాగు నడిమి బండపై పెట్టేవారు; వారు వెనుదిరిగాకే పారమ్మ వచ్చి తీసుకొనేది. సాయంత్రం కాగానే గున్నమ్మ అమ్మమ్మతో గట్టుకు వచ్చి చేతులు చాచేది.

"ఒక్కపాలి ఎత్తుకోవే అమ్మా!"

"ఎత్తుకుంతానే తల్లీ. ఈ జొరం పోనీ."

జ్వరం తగ్గుముఖం పట్టింది. దాలయ్య కోలుకున్నాడు. ఇక ఇల్లు చేరవచ్చని బిడ్డ కోసం తుంగపోచలతో బొమ్మ అల్లుతున్న వేళ పారమ్మకే దగ్గు మొదలైంది. ఆమె మళ్లీ వాగు దాటలేదు. కడసారి చూపు సైతం గున్నమ్మకు ఈ గట్టు నుండే దక్కింది.

చాలా కాలానికి, పాక ఉన్నచోట దాలయ్య గొర్రెలు ఒక నల్లరాతి చుట్టూ చేరి కదలకుండా నిలిచాయి. అతడు మట్టి తొలగించి చూడగా స్త్రీమూర్తి బయటపడింది. కబురు విన్న గున్నమ్మ మెట్టినింటి నుండి పరుగున వచ్చింది. వాగులో చేతులు కడుక్కొని, ఆ మూర్తిని కావలించుకొని, ఎవరు పిలిచినా చాలాసేపు వదలలేదు. ఆమె వంశీకులే నేటికీ ఇక్కడ అర్చకులు.

ఇక్కడ జనం గుంపుగా చేరే జాతర లేదు. భక్తులు కుంకుడు నురగతో చేతులు కడుక్కొని, మూతికి వస్త్రం చుట్టుకొని, ఒక్కొక్కరుగా లోనికి వెళ్తారు. అలా వెళ్లినవారు ఏ కులం వారైనా గర్భాలయంలో అమ్మను కౌగిలించుకోవచ్చు. అమ్మ కౌగిలి పొందిన ఇంట రోగం నిలవదని, దూరాన ఉన్న బిడ్డలు క్షేమంగా ఉంటారని నమ్మిక. తల్లి లేని పిల్లలు వచ్చినప్పుడు అర్చకులు తలుపు దగ్గరగా వేసి, బయట కూర్చుంటారు. ఎంతసేపైనా వారిని రమ్మని పిలవరు.