గట్టు మీద ఏకాభిప్రాయం

"ఈ ఇద్దరినీ ఒక్కమాట మీదికి తెచ్చినవాళ్లకు ఏం కోరితే అది ఇస్తా!" పాలవంక మహారాజు అనంగభూపతి కొలువు అదిరేలా అరిచాడు.

ఆ ఇద్దరూ ఆయన మంత్రులు. అప్పుడే అలిగి చెరో వాకిలి నుంచీ బయటికి వెళ్లిపోయారు. సముద్రం అవతలి చక్రవర్తి పెత్తనాన్ని వదిలించుకునేటప్పుడు భుజం భుజం కలిపి పోరాడినవాళ్లే. గెలిచిన మర్నాటి నుంచి ఒకరంటే ఒకరికి గిట్టలేదు.

శరభయ్యకు దేశమంటే రాజధాని. మేడలు, ఓడలు, పెద్ద సైన్యం, అన్నీ తన కనుసన్నల్లో. విస్సన్నకు దేశమంటే పల్లెలు. ఎవరి ఊరిని వాళ్లే ఏలుకోవాలని పట్టుపరుపు దిగకుండానే ఊదరగొట్టేవాడు. నాగలి ఏ చేత్తో పట్టాలో మాత్రం ఆయనకు తెలీదు.

ఆ చక్రవర్తి ఒక్కడి పెత్తనంతో విసిగిన రాజు, ఇద్దరి ముద్రలూ ఒకే మాట మీద పడితేనే శాసనమని ప్రమాణం చేసి కూర్చున్నాడు. మహానుభావుడు! దాంతో నాలుగు నెలలుగా, కోసుకుపోయిన ఏటిగట్టు మీద తట్టెడు మట్టి పడలేదు. గట్టును రాజధానే బాగుచేయించాలని ఒకరు, ఊళ్లే బాగుచేసుకోవాలని ఇంకొకరు. వానలకు ఇంకా పది రోజులే ఉన్నాయి.

గట్టు కింద మూడు ఊళ్లు. అందులో ఒకటి కోనమ్మది. రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే అడపకత్తె ఆమె. అక్కచెల్లెళ్లంతా అక్కడే ఉన్నారు. ఆమెకు నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో.

"నేను తెస్తాను మహారాజా" అంది.

"ఈ తాంబూలంతో పండిన నా నోటి ఎరుపు పోయేలోగా తేవాలి. తేలేకపోతే కొలువు వదిలి పోవాలి."

కోనమ్మ రెండు తాటాకుల మీద ఒకే వాక్యం రాయించి, ముందు శరభయ్య దగ్గరికి వెళ్లింది.

"విస్సన్నగారి ఆలోచనటండీ. మీరు ఒప్పుకుంటే..."

"ఆ పిచ్చాయన ఆలోచనా? చదవడం కూడానా!" అంటూ శరభయ్య 'నాకు సమ్మతం కాదు' అని గీకి ముద్ర గుద్దాడు.

రెండో ఆకు విస్సన్నకిచ్చి, శరభయ్యగారి ఆలోచన అని చెప్పింది. ఆయన ఇంకా తొందరగా అదే మాట గీకి ముద్ర గుద్దాడు.

రాజు ఇద్దరినీ పిలిపించి, కోనమ్మ తెచ్చిన ఆకులు విప్పాడు. "ఏటిగట్టుకు మరమ్మతు అక్కర్లేదు" అని రెండింట్లోనూ ఉంది. ఒక్కోదాని కింద 'నాకు సమ్మతం కాదు' అని ఒక్కో మంత్రి ముద్ర.

"ఇద్దరూ కాదన్నారు కదే! ఇందులో ఒక్కమాట ఎక్కడుంది?"

"మరమ్మతు అక్కర్లేదంటే ఇద్దరూ కాదన్నారు మహారాజా. అంటే గట్టు బాగుచేయాల్సిందేనని ఇద్దరూ ముద్ర వేశారు!"

"నేను చదవలేదు!" అని శరభయ్య అరిచాడు.

"నేనూ చదవలేదు!" అని విస్సన్న అరిచాడు.

"చూశారా, ఇప్పుడు కూడా ఒక్కమాటే" అంది కోనమ్మ.

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు కళ్లు తుడుచుకుంటూ, "ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"పని పూర్తయ్యేదాకా మంత్రులిద్దరికీ గట్టు కిందే, ఒకే పాకలో బస ఇప్పించండి. మట్టి ఎవరు వేయించాలో ఇక చప్పున తేలిపోతుంది."

రాజు మెడలో హారం తీసి ఆమె చేతిలో పెట్టి, పాక వేసేవాళ్ల కోసం కేకేశాడు.