చెక్కుచెదరని ఆటపెట్టె

సాయంత్రం నాలుగూ పదికి ఆలపాటి ఇందుమతి గారు గుమ్మంలో నిలబడి చెప్పులు తొడుక్కుంటున్నారు. చేతిలో కూరగాయల సంచి ఉంది. బజారుకు బయల్దేరిన మనిషిని నిలబెట్టి అడగాల్సిన ప్రశ్న కాదు. అయినా హైమవతి అడిగింది.

“మేడమ్, ఇంట్లో ఆడుకుంటూనే పిల్లలు సగం చదువు నేర్చుకుంటారని మీరు చెప్పేవారు. అది నమ్మే ఏడాదిగా ఇంటింటికీ ఆటవస్తువులు ఇస్తున్నాను. ఒక్క పిల్లలోనూ మార్పు లేదు. ఎందుకని?”

ఇందుమతి గారు చీరాల చుట్టుపక్కల బాలవాడి టీచర్లకు ముప్పై ఏళ్ళు శిక్షణ ఇచ్చి రిటైరయ్యారు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. అడిగినవాళ్ళను వెంటబెట్టుకుని ఎక్కడికో తీసుకెళతారు. తిరిగి వచ్చాక కూడా ఏమీ చెప్పరు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళలో కొందరు దీన్ని గొప్ప పద్ధతి అంటారు. మిగతావాళ్ళు కాళ్ళనొప్పులు అంటారు.

“నువ్వు తిరిగే ఇళ్ళలో నీకు బాగా నచ్చిన ఇల్లేది?” అని అడిగారావిడ.

“మల్లీశ్వరి వాళ్ళది మేడమ్. నేత కాలనీలో.”

“అయితే పద. కూరగాయలు రేపు కొనుక్కుంటాను.”

హైమవతి పనిచేసే సంస్థకు ఊరి చివర ఒక బడి ఉంది. ఏటా నేత కాలనీ నుంచి కొద్దిమంది పిల్లలను ఎంచుకుని పదో తరగతిదాకా ఉచితంగా చదివిస్తారు. చేర్చుకోవడానికి ఏడాది ముందే ఆ ఇళ్ళకు తలా ఒక ఆటపెట్టె ఇస్తారు. అందులో చెక్క దిమ్మెలు, రంగు రింగులు, పూసలు, లక్కపిడతలు, ఒక గుడ్డబొమ్మ ఉంటాయి. సీటు కావాలంటే షరతులు రెండే. పెట్టె పిల్లలకు అందుబాటులో ఉంచాలి. పెట్టెను భద్రంగా చూసుకోవాలి. మొదటి షరతు నెరవేరుతోందో లేదో తెలియాలంటే ఆ ఇంట్లో ఒక పూటంతా కూర్చోవాలి. రెండోది తెలుసుకోవడం రెండు నిమిషాల పని. హైమవతి మంచి మనిషే, కష్టపడే మనిషే. కానీ ఆమె చూడాల్సిన ఇళ్ళు చాలా ఉన్నాయి. కాబట్టి ఏడాదిపాటు రెండోదే చూసింది. పెట్టె బాగుంటే ఆ ఇంటికి మంచి మార్కులు వేసింది. మల్లీశ్వరి ఇంటికి వేసినన్ని మార్కులు మరే ఇంటికీ వేయలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి మల్లీశ్వరి మగ్గం మీద ఉంది. అత్తగారు నాంచారమ్మ పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుడుతోంది. నాలుగేళ్ళ జాహ్నవి గోడకు ఆనుకుని ఫోను చూస్తోంది. ఏడాదిన్నర తమ్ముడు ఆ పిల్ల భుజం మీద గడ్డం ఆనించి తనూ అదే చూస్తున్నాడు. మనుషులు వచ్చిన అలికిడికి ఇద్దరూ తలెత్తలేదు.

మల్లీశ్వరి మగ్గం గుంటలోంచి గబగబా పైకి వచ్చింది. హైమవతిని చూడగానే ఎందుకొచ్చారని అడగలేదు. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, నేరుగా బీరువా దగ్గరికి వెళ్ళింది. మెడలో సూత్రాల పక్కన వేలాడుతున్న తాళంచెవితో తలుపు తెరిచి, పై అర లోంచి ఆటపెట్టె దించింది. దానిమీద ప్లాస్టిక్ కవరు, కవరు మీద పాత చీర ముక్క ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పి పెట్టెను చాపమీద పెట్టింది.

“చూడండి మేడమ్. ఇచ్చినరోజు ఎట్టా ఉందో అట్టాగే ఉంది.”

“ఉండక ఏం జేస్తది?” అంది నాంచారమ్మ రాట్నం ఆపకుండా. “నా పెళ్ళి చీర దండెం మీద, ఈ పెట్టె బీరువాలో. ఈ ఇంట్లో నాకన్నా దానికే మర్యాద ఎక్కువమ్మా. జొరమొస్తే నన్ను ఎవురూ ఇట్టా కప్పలేదు.”

“ఊరుకో అత్తా, పెద్ద మేడమ్ వచ్చారు.”

“వస్తే ఏం? అబద్ధమాడానా?”

ఇందుమతి గారు నవ్వి చాపమీద కూర్చున్నారు. పెట్టె మూత తీశారు. దిమ్మెల రంగు ఎక్కడా పోలేదు. లక్కపిడతలు కొట్లో ఉన్నట్టే వరుసగా ఉన్నాయి. గుడ్డబొమ్మ జడకు కట్టిన రిబ్బను ముడి కూడా కంపెనీలో వేసిన ముడే.

“పాప వీటితో ఎప్పుడు ఆడుకుంటుంది?” అని అడిగారు.

మల్లీశ్వరి ఆ ప్రశ్నకు కాస్త తడబడింది. అందులో ఏదైనా మెలిక ఉందేమోనని హైమవతి మొహం చూసింది.

“ఆడుకుంటది మేడమ్. సీటు రానీండి. వచ్చాక ఇయ్యన్నీ దానియ్యేగా. యాడికి పోతాయి?”

“అంతకుముందు? ఈ పెట్టె రాకముందు ఏం ఆడుకునేది?”

ఈసారి నాంచారమ్మ చెప్పింది. “ఏం ఆడుకునేదా? మా పేణం తీసేది. ఖాళీ కండెలన్నీ ఏరుకొచ్చి ఎర్రయి ఒక పక్క, పచ్చయి ఒక పక్క పేర్చేది. అదొక రైలంట. నేను టిక్కెట్టు తీసుకోవాలంట. టిక్కెట్టు లేదంటే దిగమని నెట్టేది, ముసలిదాన్నని కూడా చూడకుండా.”

“ఇప్పుడు?”

“దారం నోట్లోకి పోద్ది, కండెలు దగ్గరికి రానియ్యొద్దని హైమ మేడమ్ చెప్పారుగా” అంది మల్లీశ్వరి. చెప్పినమాట విన్నానని చూపించుకోవాలన్న ఆత్రం గొంతులో ఉంది. “ఆరోజు నుంచీ మగ్గం వైపు రానియ్యట్లేదు మేడమ్. ఫోనిస్తే చాలు, కదలదు. ఒక్కసారి కూడా అల్లరి చెయ్యదు.”

ఈలోగా పిల్లాడు ఫోను వదిలేసి తప్పటడుగులతో చాప దగ్గరికి వచ్చాడు. పెట్టెలోంచి ఒక ఎర్ర రింగు అందుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్ళేలోపే జాహ్నవి వచ్చింది. తమ్ముడి చేతిమీద ఒక్కటి వేసి, రింగు లాక్కుని, గౌను అంచుతో తుడిచి, తీసినచోటే పెట్టింది.

“తప్పు! సీటు పోద్ది!” అంది. గొంతు అచ్చం తల్లిదే.

పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. మల్లీశ్వరి వాణ్ణి చంకనేసుకుంది, కూతురి వైపు మెచ్చుకోలుగా చూసింది. “వాళ్ళ నాన్ననైనా ముట్టనియ్యదు మేడమ్” అంది.

ఇందుమతి గారు జాహ్నవిని పిలిచి దగ్గర కూర్చోబెట్టుకున్నారు.

“సీటంటే ఏంటి తల్లీ?”

జాహ్నవి ఆలోచించింది. తర్వాత పెట్టెకేసి చూస్తూ చెప్పింది.

“ముట్టుకుంటే పోయేది.”

రాట్నం చప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఇందుమతి గారు పసుపురంగు దిమ్మె ఒకటి తీసి పిల్ల అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు. జాహ్నవి దాన్ని పట్టుకుంది గాని చెయ్యి శరీరానికి దూరంగా చాపి ఉంచింది, అది తనది కాదని అందరికీ తెలియాలన్నట్టు. తల్లివైపు చూసింది. మల్లీశ్వరి హైమవతి వైపు చూసింది. నాంచారమ్మ కూడా అటే చూసింది.

“ఏం చేయమంటావు హైమా? నువ్వు చెప్పు” అన్నారు ఇందుమతి గారు.

హైమవతి చెప్పాల్సింది చిన్న మాటే. ఆడుకోనీండి, పోతే పోనీండి, విరిగితే విరగనీండి. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చిందనే అనుకోవాలి. కానీ బడివాళ్ళు పిల్లలను చూసి ఎంచుకునేది వచ్చే సోమవారమే. ఆలోపు ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి పెట్టె చూస్తే? రంగు పోయిందనో, పూస తగ్గిందనో మార్కులు కోస్తే? ఏడాదిపాటు ఒక్క పొరపాటూ చేయని ఇల్లు అది. ఆ పిల్లకు సీటు రావాలని హైమవతి మనస్ఫూర్తిగా కోరుకుంది. ఆ కోరికే ఆమె చేత మాట్లాడించింది.

“ఈ నాలుగు రోజులూ ఇలాగే ఉండనివ్వండి మల్లీశ్వరీ. సోమవారం అయిపోయాక ఇద్దురుగాని.”

మల్లీశ్వరి ఊపిరి పీల్చుకుంది. జాహ్నవి దిమ్మెను పెట్టెలో దాని స్థానంలో పెట్టి, పక్కవాటితో సమంగా సర్దింది. చెప్పకుండానే మూత వేసింది. మల్లీశ్వరి కవరు తొడిగి, చీర ముక్క కప్పి, పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసింది. అందరికీ టీ ఇచ్చింది. టీ బాగుంది.

తిరుగుదారిలో, మగ్గాల చప్పుడు వెనకబడ్డాక హైమవతే ముందు నోరు విప్పింది.

“మీరు చెప్పి ఉంటే మల్లీశ్వరి వినేది మేడమ్.”

“మార్కులు వేసేది నువ్వు కదా” అన్నారు ఇందుమతి గారు.

“నాలుగు రోజుల్లో ఏమవుతుంది చెప్పండి?”

కొంచెం దూరం నడిచాక ఆవిడ, “ఏమీ నేర్చుకోవట్లేదన్నావు” అన్నారు. “ఆ పిల్ల ఎంత బాగా నేర్చుకుందో చూశావా?”

హైమవతికి ఆ రాత్రి ఆ మాట కోపం తెప్పించింది. ఊరికే కూర్చుని వంకలు పెట్టడం సులువేనని భర్తతో అంది. తన మీద తనకే కోపమని ఆమెకు అప్పటికింకా తెలియదు.

పదిరోజుల తర్వాత ఆమె మళ్ళీ ఇందుమతి గారింటికి వచ్చింది. ఈసారి ప్రశ్నేమీ తేలేదు. వరండాలో కుర్చీ ఉన్నా మెట్టుమీదే కూర్చుంది. ఇందుమతి గారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఆమె కూడా నాలుగు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టి, సోమవారం సంగతి చెప్పింది.

ఆ బడిలో పిల్లలను అఆలు అడగరు, అంకెలు అడగరు. అది కొత్త పద్ధతి, మంచి పద్ధతి కూడా. పిల్ల ముందు ఆటపెట్టె తెరిచి పెట్టి, ఎలా ఆడుతుందో చూస్తారు. తల్లులు బయట వరండాలో ఉండాలి. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళింది కాబట్టి హైమవతిని లోపల ఉండనిచ్చారు. పరీక్షించే టీచరు నెమ్మదస్తురాలు. “ఆడుకోమ్మా, అన్నీ నీవే” అంది జాహ్నవితో. పెట్టె అదే రకం, దిమ్మెలూ అవే. జాహ్నవి మూత వేసింది. టీచరు నవ్వి మళ్ళీ తెరిచింది. జాహ్నవి మళ్ళీ మూసింది. మూడోసారి టీచరు తెరిచి, ఒక లక్కపిడత తీసి చేతిలో పెట్టబోతే పిల్ల గోడదాకా వెనక్కి జరిగి ఏడ్చింది.

“నువ్వేమీ చెప్పలేదా?”

“చెప్పాను మేడమ్. ఇంట్లో పెట్టె ఎంత బాగా చూసుకుంటారో చెప్పాను.”

ఇందుమతి గారు ఒలిచిన కాయలు గిన్నెలో వేశారు.

“ఇంట్లో పిల్లను ఆడించేవాళ్ళెవరూ లేరని తేల్చారు” అంది హైమవతి. “సీటు వేరేవాళ్ళకు ఇచ్చారు. పక్క సందులో పిల్లాడికి. వాళ్ళ పెట్టెలో సగం వస్తువులు లేవు, నేనే రెండుసార్లు కోప్పడ్డాను వాళ్ళమ్మను.”

తర్వాత, తను అసలు చెప్పడానికి వచ్చిన సంగతి చెప్పింది.

“మల్లీశ్వరి గొడవ పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు. ‘మీరు చెప్పిందాంట్లో ఏది తప్పాను మేడమ్?’ అని అడిగింది, అంతే. కోపంతో కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. తమ్ముడున్నాడుగా, వాడి విషయంలో ఆ తప్పు జరక్కుండా చూసుకుంటానంది.”

“నువ్వేమన్నావు?”

హైమవతి తల అడ్డంగా ఊపింది.

“నిన్న సాయంత్రం ఆటపెట్టె మా ఇంటికే తెచ్చి ఇచ్చేసింది మేడమ్. ఇవ్వక్కర్లేదు, పాపకే ఉంచేయండి అన్నాను. వినలేదు. సీటు మాది కానప్పుడు పెట్టె మాదెట్టా అవుద్దంది. పాప కూడా వెంట వచ్చింది. పెట్టె ఒక పక్క తనే పట్టుకుంది, కింద పడకుండా.”

ఇందుమతి గారు చేతిలోని చిక్కుడుకాయను చివర విరిచి, ఈనె పూర్తిగా వచ్చేదాకా లాగారు.

“అన్నీ ఉన్నాయా?”

“ఉన్నాయి. కవరు కూడా చిరగలేదు.”

“అయితే ఇంకో ఇంటికి ఇవ్వొచ్చు” అన్నారావిడ.