కొత్త టైర్లు రెండే

మాణిక్యాంబ టీచర్ దగ్గరికి ప్రశ్నతో వెళ్ళినవాళ్ళు జవాబుతో తిరిగి రావడం తక్కువ. ఆవిడకి వాదించడం రాక కాదు. కాలేజీలో తర్కం చెప్పి రిటైరైన మనిషి. అయితే వాదనలో ఆడదాని చేతిలో ఓడిన మగవాడు ఇంటికి వెళ్ళి భార్య మీద గెలుస్తాడని ఎప్పుడో గ్రహించింది. అప్పట్నించీ వాదించడం మానేసింది. ఎవరేం అడిగినా ఎక్కడో జరిగిన సంగతొకటి చెప్పి ఊరుకుంటుంది. ఆ సంగతికీ తమ ప్రశ్నకీ చుట్టరికమేమిటో అడిగినవాళ్ళే తేల్చుకోవాలి. తేలకపోతే మళ్ళీ రావచ్చు, కాఫీ ఇస్తుంది. విడమరిచి మాత్రం చెప్పదు.

ఆకివీడులో ఆవిడ మేడ మీద ఆదివారాలు కొందరు ఆడవాళ్ళు కూడి చదువుకుంటారు. వాళ్ళలో రత్నకుమారి ఒకతె. రొయ్యల ప్లాంటులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే పని ఆమెది. ఆ ప్లాంటు యూనియన్‌లో ఒలుపు ఆడవాళ్ళ తరఫున మాట్లాడేది కూడా ఆమే. ఒక సాయంత్రం వచ్చి, కుర్చీ ఉండగా గుమ్మంలోనే కూలబడింది.

"టీచర్‌గారూ, రేపు మా మీటింగండి. యజమాని సగం దాకా దిగొచ్చాడు. లోడింగు మగవాళ్ళని ఇప్పుడు పర్మనెంటు చేస్తాడంట. ఒలుపు ఆడవాళ్ళని రెండో విడతలో చూస్తాడంట. మా ప్రెసిడెంటుగారేమో ముందు సగం గెలుద్దాం, ఆ బలంతో మిగతా సగం అడుగుదాం అంటున్నారు. ఆడవాళ్ళ తరఫున నేను చెయ్యెత్తితే ఒప్పందం అయిపోతుందండి. ఎత్తనా?"

టీచర్ కాసేపు ఆ అమ్మాయి చేతుల వైపు చూసింది. ఐసుకి పగిలిన వేళ్ళు.

"మా వెనక వీధిలో హైమవతి అని ఉండేది. నా జాకెట్లు కుట్టేది" అని మొదలుపెట్టింది. "వాళ్ళ కారు టైర్లు అరిగిపోయాయి."

హైమవతి భర్త బాపినీడు. చేపల చెరువుల మీద కాస్త కలిసొచ్చిన రోజుల్లో పాత కారొకటి కొన్నాడు. తర్వాత చెరువులు పోయాయి, కారు మిగిలింది. ఇల్లు నడిచేది హైమవతి కుట్టు మిషను మీద. బాపినీడు నడిపేది కారు. ఈ రెండిట్లో ఏది దేన్ని నడుపుతోందో ఆ ఇంట్లో పైకి అనుకునేవారు కాదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, చంద్రిక. ఇంటర్ పాసయింది. నర్సింగు కోర్సులో సీటు కోసం ఏలూరులో పరీక్ష రాయాలి. సీటొస్తే హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. రాకపోతే పెళ్ళి. బాపినీడు అన్నగారు వీర్రాజు సంబంధం చూసి ఉంచాడు. ఆ పెద్దమనిషి పిల్లని అడక్కుండానే అవతలివాళ్ళకి సగం మాట ఇచ్చేసి వచ్చాడు. పరీక్ష ఒక్కటే ఆ పిల్లకి దారి. పిల్లని ఆ పరీక్ష దాటించడమే హైమవతికి ఆ ఏడాది పని.

వానలు మొదలయ్యాయి. కారు తుడుస్తూ హైమవతి టైరు మీద చెయ్యి పెట్టి చూసింది. గాడులన్నీ పోయి అరచేతిలా నున్నగా తగిలింది. నాలుగూ అంతే.

"ఏమండీ, టైర్లు గుండ్లయిపోయాయి. ఏలూరుకి నేనూ అదీ బస్సులో వెళ్ళొస్తాం" అంది.

"గుమ్మంలో కారు పెట్టుకుని బస్సెక్కుతారా?" అన్నాడు బాపినీడు. "స్టాండులో నలుగురూ ఏమనుకుంటారు? బాపినీడు కారు అమ్మేశాడనుకుంటారు. వెళితే కార్లో వెళ్ళండి. లేకపోతే పరీక్షా వద్దు, ఏమీ వద్దు."

హైమవతి దసరాకి చీరలు కొనుక్కుందామని కుట్టుపని మీద దాచుకున్నది తీసి, భర్తతో కలిసి టైర్ల షాపుకి వెళ్ళింది.

షాపతను మర్యాదస్తుడు. ప్రతి మాటకీ "ఆయ్" అన్నాడు. డబ్బు సంచీ హైమవతి చేతిలో ఉంది. అతను చెప్పేదంతా బాపినీడు మొహం చూసి చెప్పాడు. ఈ డబ్బుకి పేరున్న కంపెనీవి రెండొస్తాయి, అంతగా పేరు లేనివి అయితే నాలుగూ వస్తాయి అన్నాడు.

"నాలుగూ మామూలువి వేయించేద్దామండీ" అంది హైమవతి. "మనం తిరిగేదెంత?"

"పేరులేని టైర్ల మీద నేను కూర్చోను" అన్నాడు బాపినీడు. "వేస్తే మంచివే వెయ్యాలి. ఇప్పుడు రెండు వేయిద్దాం. మిగతా రెండూ దసరాకి చూద్దాం. సగం పనైనా అయినట్టే కదా!"

రెండు దించారు. నిగనిగలాడుతున్నాయి, రబ్బరు వాసన. షాపు గోడకి కంపెనీవాళ్ళ బొమ్మొకటి అంటించి ఉంది. కారు బొమ్మ, వెనక చక్రాల మీద ఎర్ర బాణాలు, కింద తెలుగులో రెండు వరుసలు. హైమవతి దగ్గరికి వెళ్ళి పైకి చదివింది. రెండు టైర్లే మారుస్తుంటే కొత్తవి వెనక వేయించండి, తడి రోడ్డు మీద బండి వెనక భాగం జారదు అని.

"ఏమండీ, వెనక వెయ్యమంటున్నారు."

బాపినీడు నవ్వాడు. షాపులో మరికొందరు మగవాళ్ళున్నారు. వాళ్ళు కూడా వింటున్నారని తెలిసిన నవ్వు.

"స్టీరింగు ఎక్కడుందే?"

"ముందుంది."

"ఇంజనూ?"

"ముందే."

"బండి నడిపే నేను ఎక్కడుంటాను?"

"ముందుంటారు."

"మరి వెనకేముంది?"

"మేముంటామండీ" అంది హైమవతి.

షాపంతా ఘొల్లుమంది. మంచి హాస్యం ఆడిందనుకున్నారు. ఒకాయన "మీ ఆవిడ గడుసుదండోయ్" అని బాపినీడు భుజం కూడా తట్టాడు. షాపతను మాత్రం ఆ బొమ్మ వైపు చూసి, "ఆయ్, అది కంపెనీవాళ్ళు చెప్పేదేనండి. కానీ వచ్చినవాళ్ళంతా ముందుకే వేయించుకుంటారు. సార్ ఎలాగంటే అలాగే" అన్నాడు. టైర్ల సంగతి అతనికి తెలుసు. బేరం పోగొట్టుకోకూడదన్న సంగతి ఇంకా బాగా తెలుసు.

కొత్తవి ముందుకే ఎక్కాయి.

ఇంటికి రాగానే కొత్త టైర్లకి పూజ చేశారు. బాపినీడు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండి ఎక్కించి నలిపాడు. కొబ్బరికాయ కొట్టాడు. అతను లోపలికి వెళ్ళాక హైమవతి పళ్ళెం పట్టుకుని వెనక్కి వెళ్ళింది. ఆ నున్నటి పాత టైర్లు రెండిటికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ కారు మీద ఆమెకి చెల్లే అధికారం అంతవరకే. వీధిలోంచి వెళుతున్న టీచర్ని చూసి సిగ్గుపడి నవ్వింది. "వీటికి నేనున్నానని చెబుతున్నానండీ" అంది.

పరీక్ష రోజు తెల్లారేసరికి వీర్రాజు ఉతికిన కండువాతో దిగాడు. ఏలూరులో ఎవరినో చూడాలట. ఎలాగూ కారు వెళుతోంది కదా. చంద్రికకి వెనక కూర్చుంటే తల తిప్పుతుంది. పరీక్ష రాయాల్సిన పిల్ల.

"బావగారూ, ఇవాళొక్కరోజుకి దాన్ని ముందు కూర్చోనిస్తారా?" అని హైమవతి అడిగింది.

"నేను వెనకా?" అన్నాడు వీర్రాజు. కోపంతో కాదు, నిజంగా ఆశ్చర్యపోయి. "ఎవరైనా చూస్తే ఏం బాగుంటుందమ్మా?"

కూర్చుని, కాళ్ళు చాపుకోవడానికి సీటు వెనక్కి జరుపుకున్నాడు. వెనక ఆ పిల్ల మోకాళ్ళు ముడుచుకుని పుస్తకం తెరిచింది. హైమవతి రెండోవైపు కూర్చుంది. కూర్చునేముందు ఒంగి, చక్రం వైపు ఒకసారి చూసింది. కూతురు చూసిందేమోనని వెంటనే చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

ఆ దారంతా చేపల లారీలు. పెట్టెల్లోంచి ఐసు కరిగి, చేపల జిగురుతో కలిసి రోడ్డు మీద కారుతూ పోతుంది. రాత్రంతా వాన. కైకలూరు దాటాక ఒక మలుపులో ముందున్న లారీ ఆగింది. బాపినీడు బ్రేకు తొక్కాడు. ముందు చక్రాలు రోడ్డుని గట్టిగా పట్టుకున్నాయి, కంపెనీ మంచిదే. వెనకవి పట్టుకోలేదు. కారు వెనక భాగం జారి, గిర్రున తిరిగి, పక్కనున్న తూము గోడకి కొట్టుకుంది. తగిలింది హైమవతి కూర్చున్న తలుపు.

ముందు కూర్చున్న ఇద్దరికీ ఏమీ కాలేదు. వీర్రాజు కండువా కూడా నలగలేదు. చంద్రికకి భుజం ఎముక విరిగింది. హైమవతిని ఆస్పత్రికి తీసుకెళుతుంటే దారిలో, "హాలు మూసేస్తారు, దాన్ని దింపేసి రండి" అందట. వాళ్ళు దింపలేదు. ఎముక విరిగిన పిల్లని ఎలా దింపుతారు? మధ్యాహ్నానికి హైమవతి పోయింది. ఆ సరికి అక్కడ పరీక్ష కూడా అయిపోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళకి బాపినీడు కళ్ళొత్తుకుంటూ ఒకటే మాట చెప్పేవాడు. "ఏదో అదృష్టం బాగుండి ముందు టైర్లు కొత్తవి వేయించానండి. లేకపోతే ఈపాటికి అందరం పోయేవాళ్ళం." వచ్చినవాళ్ళు తలలూపేవారు. టీచర్ కూడా అక్కడ చాప మీద కూర్చుని ఆ మాట విన్నది. వంటింటి గుమ్మంలో చంద్రిక చెయ్యి కట్టుతో నిలబడి తనూ విన్నది. అతను ఏడుస్తున్నది నటన కాదు. అంత ఏడుపులోనూ అతనికి ఆ లెక్క తప్పనిపించలేదు.

టీచర్ చెప్పడం ఆపింది. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు చేయలేక తిట్టుకుంటున్నారు.

"తర్వాత మిగతా రెండు టైర్లూ కొన్నారాండీ?" అని రత్నకుమారి అడిగింది. ఆ సంగతి తనకెందుకో, అడిగాక ఆమెకే తెలియలేదు.

"కొన్నారు. కారు బాగుచేయించాక, అన్న మాట ప్రకారం దసరాకే కొన్నారు. ఇంట్లో కుట్టేవాళ్ళు లేరు కదా అని మిషను అమ్మేశారు. ఆ డబ్బుతోనే."

"వెనక్కి వేశారా?"

"కొత్తవి కదా" అంది టీచర్. "ముందుకే వేయించారు. ముందున్న వాటిని తీసి వెనక్కి మార్చారు. ఇప్పుడు వెనకవి మరీ అంత అరిగినవి కావని బాపినీడు నాతో చెప్పాడు. నిజమే. మునుపటికంటే నయమే. ఆ కార్లోనే చంద్రికని అత్తారింటికి దింపి వచ్చారు."

"ముందు ఎవరు కూర్చున్నారండీ?"

అంత తేలిక ప్రశ్నలకి టీచర్ జవాబు చెప్పదు.

రత్నకుమారి వేళ్ళ పగుళ్ళని బొటనవేలితో ఒత్తుకుంటూ ఉంది. ఆఖరికి లేచి చెప్పులేసుకుంది. మళ్ళీ తిరిగొచ్చి, ఇంకా లోపలెక్కడో ఆశ మిగిలినదానిలా అడిగింది.

"నేను చెయ్యెత్తకపోతే ఆ సగం కూడా పోతుంది కదండీ. మా ఆడవాళ్ళలో సగంమంది మొగుళ్ళు ఆ లోడింగులోనే ఉన్నారు. రేపట్నించి ఇళ్ళల్లో మమ్మల్ని బతకనివ్వరు. నేనేం చెయ్యనండీ?"

"నిజమే, పోతుంది" అంది మాణిక్యాంబ టీచర్. "వద్దంటే పరీక్షే పోతుందని తెలిసే హైమవతి కూడా కారెక్కింది."