చాడీలు చెప్పిన కోటవాకిలి

ఇచ్చిన మాటను ప్రాణంలా చూసుకున్న ఆ మంచి కాలంలో, ఒకానొక రాజ్యాన్ని సింహబలుడనే రాజు ఏలేవాడు. శరణన్నవాణ్ణి కాపాడటంలో ఆయనకు సాటి లేరు. గొప్పలు చెప్పుకోవడంలోనూ లేరు.

పొరుగు దేశపు చిన్న రాకుమారుడు హేమాంగదుడు, సింహాసనం కాజేసిన పినతండ్రికి భయపడి సింహబలుడి కోటలో తలదాచుకున్నాడు. పినతండ్రి వేగులవాళ్ళు ప్రతి కోటకూ తిరిగి వెతుకుతున్నారు.

"కుర్రవాడికి మారుపేరు పెడదాం ప్రభూ" అన్నాడు ఆస్థాన విదూషకుడు తిప్పన.

"నా కోటలో దొంగపేరా? సిగ్గుచేటు! నా వాకిలి దాటడం చీమ తరం కూడా కాదు" అని రాజు మీసం దువ్వాడు.

ఆ వాకిలి పద్ధతి ఇది. మూసిన తలుపుకున్న కన్నంలోంచి ఎవరైనా తమ పేరూ, రహస్యపు మాటా చెప్పాలి. కోటలో ఉండేవాళ్ళ పేర్లు కాపలావాడు కొమ్మన్నకు తెలుసు. వాళ్ళ రహస్యపు మాటలు మాత్రం లోపలి గదిలో కూర్చునే ముసలి దళవాయికే తెలుసు. కొమ్మన్న వెళ్ళి ఆయన్ని అడిగొచ్చి, మాట సరిపోతేనే తలుపు తీస్తాడు.

"వాకిలి దాటక్కర్లేదు ప్రభూ. లోపల ఎవరున్నారో బయటినుంచే చెబుతాను" అన్నాడు తిప్పన. రాజు నవ్వి, చూద్దామని బురుజెక్కాడు.

తిప్పన గొంతు మార్చి, "నేను పుల్లయ్యను. నా మాట మామిడిపిందె" అన్నాడు.

"ఆ పేరుగలవాడు ఇక్కడెవడూ లేడు. పోవయ్యా!" అన్నాడు కొమ్మన్న లోపల్నుంచి.

కాసేపాగి, లేతగొంతుతో, "నేను హేమాంగదుణ్ణి. నా మాట మామిడిపిందె" అన్నాడు.

కొమ్మన్న లోపలికి వెళ్ళొచ్చి, "ఆ మాట కాదు బాబూ. సరిగా గుర్తుతెచ్చుకోండి" అన్నాడు.

తలుపు తెరుచుకోలేదు. అయినా రాజు ముఖం పాలిపోయింది. కుర్రవాడు లోపలున్నాడని వాకిలే చాటింది! వేగులవాడు వింటే పినతండ్రి సేనతో వచ్చిపడడూ?

తప్పు చెప్పినవాళ్ళెవరికైనా "పేరో మాటో తప్పు, పో" అనే చెప్పాలని అప్పటికప్పుడు ఆజ్ఞ అయింది. "ఇప్పుడేమంటావురా తిప్పనా?" అన్నాడు రాజు.

తిప్పన మళ్ళీ వెళ్ళాడు. పుల్లయ్య పేరుకు జవాబు వెంటనే వచ్చింది. హేమాంగదుడి పేరుకు మాత్రం కొమ్మన్న చెప్పులు కిర్రుకిర్రుమంటూ లోపలికి వెళ్ళి, కిర్రుకిర్రుమంటూ తిరిగొచ్చాయి. ఆ తర్వాతే జవాబు.

"నోటికి తాళం వేశారు ప్రభూ. కాళ్ళు చాడీలు చెబుతున్నాయి."

రాజు గర్వం దిగమింగి, "ఉపాయం నువ్వే చెప్పు" అన్నాడు.

"ఎవరి పేరు విన్నా లోపలికి వెళ్ళి రమ్మనండి."

"ఊరూపేరూ లేనివాళ్ళకు కూడానా? నా మోకాళ్ళు ఏం కావాలి!" అని కొమ్మన్న మొత్తుకున్నాడు.

"కుర్రవాడి మెడకన్నా నీ మోకాళ్ళు ఎక్కువా?" అని రాజు కసిరాడు.

కొన్నాళ్ళకు వేగులవాడు రానే వచ్చాడు. హేమాంగదుడి పేరు చెప్పాడు. నోటికొచ్చిన మరో పేరు చెప్పాడు. రెంటికీ అవే అడుగులు, అదే జవాబు. చివరికి అనుమానంతో, "నేను సింహబలుణ్ణి" అన్నాడు. చెప్పులు వెళ్ళాయి, వచ్చాయి.

"పేరో మాటో తప్పు, పో!"

"రాజునే ఎరగని వాకిలి కుర్రవాడి ఊసేం చెబుతుంది!" అని గొణుక్కుంటూ వాడు వేరే దేశం దారి పట్టాడు.

బురుజు మీద రాజు మీసం అదిరింది. "నా కోటలో నేనున్నట్టు కూడా చెప్పడా ఆ కొమ్మన్న!"

"చెప్పడు ప్రభూ. అందుకే రాకుమారుడు బతికాడు."

రాజు ఒక్క క్షణం గుడ్లురిమి, పకపకా నవ్వేశాడు. తన ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు. తప్పు ఎత్తిచూపినవాడి మెడకు కత్తి కాక హారం దక్కిన రోజులవి.