మే నెలలో రెయిన్‌కోటు

ఫాదర్ జోజిబాబు పరువు ఆ గోడ చేతిలో పడింది.

కొండమరియపురం చర్చికి నూట ఇరవై ఏళ్లు. ఓడ దిగి వచ్చిన దొర స్వామి ఒకాయన కట్టించాడు. మూడడుగుల మందం గోడలు, కొన పైకి నిలబెట్టిన తమలపాకుల్లాంటి కిటికీలు, ముందు రెండు గంట గోపురాలు. రూపం దొరలదే గానీ ఇటుక ఈ ఊరిది. కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి గానుగలో తిప్పిన సున్నమూ ఈ ఊరిదే.

ఉత్తరపు గోడ అడుగున ఏటా కాస్త చెమ్మ వచ్చేది, వేసవిలో ఆరిపోయేది. దాన్ని చూసి ఎవరూ కంగారు పడలేదు, కొత్తగా సహాయ గురువుగా వచ్చిన జోజిబాబు తప్ప. సెమినరీకి పోకముందు ఆయన సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. "ఈ గోడకి సిమెంటు పడదు ఫాదరూ" అని మస్తాన్ మేస్త్రి మొత్తుకున్నా వినలేదు. నిరుడు నడుమెత్తు దాకా పాత సున్నం చెక్కించి సిమెంటు పూయించాడు. ఇంక యాభై ఏళ్లు దీని వంక చూడక్కర్లేదని పూజ తర్వాత అందరి ముందూ ప్రకటించాడు కూడా.

ఏడాది తిరక్కుండానే చెమ్మ సిమెంటును దాటి పైకెక్కింది. ఇంకో జానెడు పాకితే, దొర స్వామి ఓడలో తెచ్చిన సిలువ మార్గం బొమ్మల్లో ఆ గోడకున్న నాలుగోది, సిలువ మోసే కొడుక్కి తల్లి ఎదురొచ్చే బొమ్మ, తడిసి పాడైపోతుంది. నెల రోజుల్లో చర్చి నూట ఇరవై ఏళ్ల జూబిలీ. బిషప్ గారు వస్తున్నారు.

జోజిబాబు చర్చికి పెద్ద దిక్కైన విచారణ గురువు ఇన్నాసి గారి దగ్గరికి పరుగెత్తాడు.

"నడుమెత్తు చాల్లేదు ఫాదర్. ఈసారి గోడంతా సిమెంటు పూయిద్దాం."

ఇన్నాసి గారికి డెబ్బై ఆరేళ్లు. కోప్పడ్డం ఆయనకు చేతకాదు.

"అలాగేలే. నువ్వే వెళ్లి మేస్త్రికి చెప్పిరా" అని, పెట్టె తెరిచి తన నల్ల రెయిన్‌కోటు తీశారు. "ఇది వేసుకెళ్లు. మెడ దాకా గుండీలు పెట్టుకో. తిరిగొచ్చేదాకా విప్పకు."

"మే నెల కదండీ ఫాదర్!"

"తెలుసు. పొద్దున్నే క్యాలెండర్ చూశాను."

పెద్దాయనకు మతి గానీ తప్పిందా అనుకున్నాడు జోజిబాబు. కానీ పెద్దల మాట వింటానని గురుపట్టం నాడు ప్రమాణం చేసి ఉన్నాడు. కోటు తొడుక్కున్నాడు.

మిట్టమధ్యాహ్నం, మిరప కల్లాల మీదుగా మైలు నడక. "వానొచ్చుద్దా ఏంది ఫాదరూ?" అని కల్లంలో ఆడవాళ్లు పకపకా నవ్వారు. మస్తాన్ మేస్త్రి నవ్వాపుకోలేక తాగుతున్న మజ్జిగ కింద పెట్టాడు. రేపు పొద్దున్నే వస్తానన్నాడు.

తిరిగొచ్చేసరికి జోజిబాబు ముఖం కందిపోయింది. కోటు లోపల అంగీ పిండితే నీళ్లు కారేలా ఉంది. ఇన్నాసి గారు చర్చిలో ఉత్తరపు గోడ పక్కనే బల్ల మీద కూర్చుని ఉన్నారు.

"అయ్యో, వాన పడిందా?"

"ఎక్కడి వాన ఫాదర్! చుక్క లేదు."

"మరి ఆ తడి?"

"లోపలిదే. ఆరడానికి దారేదీ, ఇది ఇలా బిగించి..."

జోజిబాబు గోడ వైపు చూశాడు. నడుము దాకా నున్నగా బిగిసిన సిమెంటు, దాని పైన చెమ్మ.

ఒక్కో గుండీ విప్పాడు. కిటికీలోంచి గాలి తగిలి ప్రాణం లేచొచ్చింది. సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

మర్నాడు మస్తాన్ వచ్చేసరికి జోజిబాబు అంగీ చేతులు పైకి మడిచి, సుత్తీ ఉలీ పట్టుకుని, తను వేయించిన సిమెంటును తనే పగలగొడుతున్నాడు.

"గానుగ సున్నం దొరుకుతుందా మేస్త్రీ?"

"దొరుకుద్ది గానీ ముందు గోడ ఆరాల ఫాదరూ. రెండు నెలలన్నా పట్టుద్ది" అన్నాడు మస్తాన్, రెండో సుత్తి అందుకుంటూ.

జూబిలీ నాడు చర్చి అంతా మల్లెపూల దండలు. ఉత్తరపు గోడ మాత్రం నడుము దాకా ఎర్ర ఇటుకలు బయటపెట్టుకుని నిలబడింది. చెమ్మ జానెడు కిందికి దిగింది. బొమ్మ భద్రంగా ఉంది.

బిషప్ గారు అక్కడ ఆగారు. "పండగపూట ఈ గోడకి బట్టల్లేవేం?"

"మే నెలలో రెయిన్‌కోటు తొడిగానండి" అన్నాడు జోజిబాబు. "ఇప్పుడే విప్పాను."

బిషప్ గారు అర్థం కాక ఇన్నాసి గారి వైపు తిరిగారు. పెద్దాయన నాలుగో బొమ్మ చట్రం సరిచేస్తూ అన్నారు:

"దానికింకా చెమట ఆరలేదండి. మనం కాస్త పక్కకు జరిగితే గాలి తగులుతుంది."